72 గంటల గండం

పాస్‌పోర్టు ఉంది. వీసా ఉంది. టికెట్టూ చేతిలోనే ఉంది. ఆవకాయ సీసాకి నాలుగు కవర్లు చుట్టి సూట్‌కేసులో సర్దడం కూడా అయిపోయింది. అయినా విమానం ఎక్కనిస్తారో లేదో తెలీదు! 2020 మార్చి మొదలు దాదాపు రెండేళ్లపాటు విదేశీ ప్రయాణమంటే అదే పరిస్థితి. విమానం గాల్లోకి లేచేదాకా ప్రయాణం ఖాయమైనట్టు కాదు. దిగాక విమానాశ్రయం బయటికి వచ్చేదాకా చేరినట్టూ కాదు.

అంతకుముందు? అమెరికా వెళ్లిరావడం మనవాళ్లకి తిరుపతి వెళ్లొచ్చినంత మామూలైపోయింది. కూతురి పురిటికి వెళ్లే అమ్మ, కొడుకు గృహప్రవేశానికి వెళ్లే నాన్న, చెల్లెలి పెళ్లికి దుబాయ్ నుంచి సెలవుమీద వచ్చే అన్న, ఆగస్టు వస్తే శంషాబాద్ విమానాశ్రయం ముందు కళ్లొత్తుకునే కుటుంబాలు... ఇంట్లో ఒక్కరైనా బయటి దేశంలో ఉన్నవాళ్లకు విమానం విలాసం కాదు, రెండు ఊళ్ల మధ్య తిరిగే బస్సులాంటిది. ఆ బస్సు ఆగిపోతే ఏమవుతుందో కరోనా చూపించింది. రోగం భయం అందరికీ ఉంది. వీళ్లకు దాంతోపాటు మరో భయం... అక్కడివాళ్లకి ఏదైనా అయితే ఇక్కణ్నుంచి వెళ్లగలమా అని!

ఆకాశానికి తాళం

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారి అంది. అదే రోజు మన ప్రభుత్వం చాలా రకాల వీసాలను 13వ తేదీ నుంచి నిలిపేస్తున్నట్లు ప్రకటించింది. 16 నుంచి మనదేశంలోని అమెరికా కాన్సులేట్లు మామూలు వీసా ఇంటర్వ్యూలు ఆపేశాయి. 22 నుంచి విదేశీ విమానాలు రావద్దన్నారు. 25 నుంచి దేశం లోపలి విమానాలూ ఆగిపోయాయి. రెండు వారాల్లో అన్ని తలుపులూ మూసుకున్నాయి.

మొదట చెప్పింది వారం రోజులే! ఆ వారం, పొడిగింపుల మీద పొడిగింపులతో 2022 మార్చి 27 దాకా సాగింది. మధ్యలో 2021 డిసెంబరు 15 నుంచి మామూలుగా నడుపుతామని ప్రకటించారు. జనం టికెట్లు వెతుక్కునేలోపే ఒమిక్రాన్ వచ్చిపడింది. ఆ మాట వెనక్కి పోయింది.

అంటే రెండేళ్లూ విమానాలే లేవని కాదు. 2020 మే 7న వందేభారత్ మిషన్ మొదలైంది. ఆ రోజు అబుదాబి నుంచి కొచ్చికీ దుబాయ్ నుంచి కోజికోడ్‌కీ తొలి విమానాలు వచ్చాయి. మే 9 రాత్రి కువైట్ నుంచి వచ్చిన విమానం హైదరాబాద్‌లో దిగింది. కాకపోతే వందేభారత్ టికెట్టు కొనుక్కునేది కాదు, దక్కేది. ముందు ఎంబసీలో పేరు నమోదు చేసుకోవాలి. నిండు గర్భిణులు, వృద్ధులు, రోగులు, ఉద్యోగం పోయినవాళ్లు, వీసా గడువు ముగిసినవాళ్లు, ఇంట్లో ఎవరైనా చనిపోయినవాళ్లు... ఇలా ఎవరి కష్టం పెద్దదో తేల్చి, ఆ వరసలో పిలుస్తారు. ఫోన్ ఎప్పుడొస్తుందో తెలీదు. స్నానానికి వెళ్లినా ఫోన్ పక్కన పెట్టుకునే వెళ్లాలి. ఛార్జీ అమెరికా నుంచి లక్ష రూపాయలు, లండన్ నుంచి 50 వేలు. ఉద్యోగం పోయి తిరిగొచ్చేవాడికి అది చిన్న మొత్తమేమీ కాదు. దిగాక 14 రోజులు క్వారంటైన్, అదీ సొంత ఖర్చుతో. మే నెలాఖరుకి ఆ నిబంధన కాస్త మారి, ఏడు రోజులు బయట, ఏడు రోజులు ఇంట్లో అయింది.

ఆ ఏడాది జులై నుంచి ‘ఎయిర్ బబుల్’ ఒప్పందాలు వచ్చాయి. రెండు దేశాలు మాట్లాడుకుని తమ మధ్య మాత్రమే కొన్ని విమానాలు నడుపుకోవడమన్నమాట. అమెరికా, ఫ్రాన్స్, జర్మనీలతో మొదలై ఒక్కో దేశమే చేరుతూ వచ్చింది. చిత్రమేమిటంటే, హైదరాబాద్ నుంచి అమెరికాకి ఎక్కడా ఆగకుండా వెళ్లే తొలి విమానం మొదలైంది ఈ గందరగోళంలోనే. ఎన్నాళ్లనుంచో అందరూ అడుగుతున్న చికాగో విమానాన్ని ఎయిరిండియా 2021 జనవరి 15న ప్రారంభించింది. దారి దొరికింది, కానీ ఆ దారిన వెళ్లే అర్హత ఎవరికుందన్నది నెలకోసారి మారిపోతుండేది.

పసివాడి పాస్‌పోర్టు

2020 వేసవిలో అమెరికాలో ఉద్యోగాలు ఊడిన హెచ్1బీ కుటుంబాలకు ఎదురైన చిక్కు ఇది. ఉద్యోగం పోతే ఆ వీసా మీదున్నవాళ్లకు సాధారణంగా 60 రోజులే గడువు. ఆలోపు మరో ఉద్యోగమన్నా చూసుకోవాలి, దేశమన్నా విడవాలి. సరే, వెళ్లిపోదామనుకుంటే తల్లిదండ్రులది భారత పాస్‌పోర్టు, అక్కడే పుట్టిన బిడ్డది అమెరికా పాస్‌పోర్టు. ఓసీఐ కార్డు ఉన్నవాళ్ల రాకపోకలను కూడా మనదేశం నిలిపేసింది కదా! దాంతో అమ్మానాన్నలు విమానం ఎక్కొచ్చు, పాలు తాగే పిల్ల ఎక్కకూడదు. తప్పెవరిదీ అంటే రాసినవాళ్లకి ఆ పిల్ల గుర్తురాకపోవడమే! విమానాశ్రయం దాకా వెళ్లి వెనుదిరిగినవాళ్ల కథలు పత్రికల్లో వచ్చాయి. చివరికి మే 22న ప్రభుత్వం నిబంధన సడలించి, మనదేశ పౌరుల మైనర్ పిల్లలను రానిచ్చింది.

ఇక్కడితో అయిపోలేదు. ఏడాది తిరిగేసరికి ఇదే పాస్‌పోర్టు వేషం మార్చింది. 2021లో రెండో వేవ్ మనదేశాన్ని ఊపేస్తున్నప్పుడు, అమ్మకో నాన్నకో బాగాలేదని అమెరికా నుంచి పరుగున వచ్చినవాళ్లు చాలామంది ఇక్కడే ఇరుక్కుపోయారు. అంతకు 14 రోజుల ముందు దాకా భారత్‌లో ఉన్నవాళ్లు అడుగుపెట్టొద్దని మే 4 నుంచి అమెరికా ఆంక్ష పెట్టింది. అందులో కొన్ని మినహాయింపులున్నాయి. వాటిల్లో ఒకటి... అమెరికా పౌరులైన, పెళ్లికాని, 21 ఏళ్లలోపు పిల్లలున్న తల్లిదండ్రులు రావొచ్చు. నిరుడు అడ్డుపడ్డ పసివాడి పాస్‌పోర్టు ఈసారి తాళంచెవి అయింది! పిల్లలు లేనివాళ్లూ, పిల్లలు ఇక్కడ పుట్టినవాళ్లూ మాత్రం అత్తారింట్లోనో పుట్టింట్లోనో లాప్‌టాప్ ముందేసుకుని అర్ధరాత్రి దాకా ఆఫీసు పని చేస్తూ కూర్చున్నారు. అక్కడ అద్దె ఇల్లు, కారు వాయిదాలు మామూలే. మినహాయింపు ఉన్నవాళ్లకైనా వీసా ముద్ర పాతబడిపోతే కొత్తది వేయించుకోవాలి. కాన్సులేట్ అపాయింట్‌మెంటు దొరకదు. నెలల తరబడి ఒకటే పని... పొద్దున లేచి వెబ్‌సైట్ తెరిచి చూడటం.

ఆ మినహాయింపుల జాబితాలో అమ్మమ్మలూ నానమ్మలూ లేరు. ఉండకపోవడంలో వింతేమీ లేదు, చట్టం దృష్టిలో వాళ్లు ‘విజిటర్లు’. కానీ మన ఇళ్లలో కూతురికి నెలలు నిండుతున్నాయంటే అమ్మ వెళ్లడం చుట్టపుచూపు కాదు. బాలింతకు పథ్యం వండిపెట్టాలి. బిడ్డను కాళ్లమీద పడుకోబెట్టుకుని నూనె రాసి నీళ్లు పోయాలి. ఆ రెండేళ్లలో ఈ పాఠాలన్నీ వీడియో కాల్‌లో సాగాయి.

‘అలా కాదే తల్లీ, మెడ కింద చెయ్యి పెట్టు...’

‘పెట్టానమ్మా, నువ్వు కంగారుపెట్టకు. ఫోన్ తడిసిపోతోంది.’

ఇటు అమ్మకి అర్ధరాత్రి, అటు కూతురికి మధ్యాహ్నం. చాలామంది తాతయ్యలు మనవణ్ని తొలిసారి ఎత్తుకునేసరికి వాడు పరుగెడుతున్నాడు.

వీళ్లకి పూర్తిగా ఎదురు కష్టం ముందే అక్కడికి వెళ్లి చిక్కుకుపోయిన పెద్దవాళ్లది. సంక్రాంతి అయ్యాక వెళ్లి వేసవిలో వచ్చేద్దామనుకున్నారు. మామూలుగా ఆరునెలలు ఉండనిస్తారు. గడువు దాటేలా ఉంటే డబ్బు కట్టి పొడిగింపు అడగాలి. వీసా సంగతి కొడుకు చూసుకుంటాడు. బీపీ మాత్రలో? మూడు నెలలకో ఆరు నెలలకో లెక్కేసి ఇక్కడే కొనుక్కెళ్లిన మందులు అయిపోయాయి. అక్కడ డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఫీజు డాలర్లలో. బయటికెళ్తే కరోనా. ఇక్కడ ఇంటికి తాళం, తులసికోటకి నీళ్లు పోసేవాళ్లు లేరు. అమెరికా వైభవమంతా అపార్ట్‌మెంటు కిటికీలోంచే చూశారు పాపం!

గడియారంతో పరుగు

ఆ రోజుల్లో ప్రయాణికుల్ని అన్నిటికంటే వణికించిన కాగితం ఆర్టీపీసీఆర్ రిపోర్టు. ఎన్ని గంటల్లోపు చేయించుకోవాలన్నది దేశాన్నిబట్టి. ఒకచోట 96 గంటలు, మరోచోట 72, ఇంకోచోట 48. అమెరికా 2021 జనవరి 26 నుంచి మూడు రోజుల్లోపు పరీక్ష అడిగింది. అదే ఏడాది డిసెంబరు 6 నుంచి ఒక్క రోజే అంది. ఆ గంటలు ముక్కులో పుల్ల పెట్టినప్పటినుంచా, రిపోర్టు చేతికొచ్చినప్పటినుంచా? విమానం ఇక్కడ బయల్దేరేవరకా, అక్కడ దిగేవరకా? మధ్యలో ఆగి మారాల్సిన దేశం నిబంధన వేరైతే? ఇంటింటా ఇదే చర్చ. లెక్కల మాస్టార్లు కూడా కాగితం మీద రాసుకుని గుణించుకున్నారంటే నమ్మాలి.

మంచి ఆరోగ్యంతో ఉన్నవాళ్లకీ గుండెదడే. ఎందుకంటే ఈ పరీక్ష బతికున్న వైరస్‌నే కాదు, చచ్చిన వైరస్ ముక్కల్నీ పట్టేస్తుంది. కరోనా వచ్చి తగ్గిపోయి, హాయిగా తిరుగుతున్నవాళ్లకి కూడా కొన్ని వారాలపాటు పాజిటివ్ అని రావొచ్చు. అమెరికాలాంటి దేశాలు 90 రోజుల్లోపు వచ్చి తగ్గినట్లు డాక్టరు కాగితం తెస్తే ఒప్పుకునేవి. ఆ వెసులుబాటు లేనిచోటికి వెళ్లాల్సినవాడు ఏం చేయాలి? మరో పరీక్ష, మరో టికెట్టు. పోనీ అందరికీ నెగెటివ్ వచ్చిందనుకోండి, నలుగురున్న కుటుంబంలో ఒక్కరికి పాజిటివ్ వస్తే మిగతా ముగ్గురూ వెళ్లాలా, ఆగాలా?

తెలుగువాళ్లకు దీంట్లో ప్రత్యేకమైన చిక్కొకటి... మన పేర్లు! ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే. పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి ముందో వెనకో ఉంటుంది. కొవిన్‌లో ఆధార్ చూపించి టీకా వేయించుకున్నవాళ్లకు సర్టిఫికెట్టూ ఆ పొట్టిపేరుతోనే వచ్చింది. కౌంటర్లో కూర్చున్న విదేశీ సంస్థ ఉద్యోగికి ‘కె’ అంటే ఏంటో ఎలా తెలుస్తుంది? 2021 జూన్ తర్వాత సర్టిఫికెట్‌కి పాస్‌పోర్టు నంబరు జోడించుకునే వీలొచ్చింది. పుట్టిన ఏడాది మాత్రమే ఉంటే బ్రిటన్ ఒప్పుకోవట్లేదని, పూర్తి పుట్టినతేదీ వచ్చే ఏర్పాటూ తర్వాత చేశారు. ఇంటిపేరు వల్ల పెళ్లి సంబంధాలు తప్పిపోవడం విన్నాంగానీ, విమానాలు తప్పిపోతాయని ఎవరనుకున్నారు!

యూఏఈ వెళ్లేవాళ్లది ఇంకో తరహా పరీక్ష. 2021 ఏప్రిల్ 24 అర్ధరాత్రి నుంచి మనదేశం విమానాలు ఆపేసిన ఆ దేశం, ఆగస్టు 5 నుంచి షరతులతో తలుపు తీసింది. రెండు రోజుల్లోపు ఆర్టీపీసీఆర్ సరే, విమానం బయల్దేరే ముందు విమానాశ్రయంలోనే ర్యాపిడ్ పీసీఆర్ కూడా చేయించుకోవాలి. దాంతో సామాన్లన్నీ తీసుకుని, ఇంట్లోవాళ్లకు వీడ్కోలు చెప్పి, కొన్ని గంటలు ముందే వెళ్లి వరసలో నిలబడటం. ఫలితం వచ్చేదాకా కూర్చోవడం. పాజిటివ్ వస్తే అవే సామాన్లతో ఇంటికి. బస్సులో జగిత్యాల దాకా తిరిగి వెళ్లేవాడికి ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఊహించుకోవచ్చు. ఆ టికెట్టు డబ్బు, పరీక్షల డబ్బు చాలామందికి అప్పుతెచ్చినవే.

విమానంలోకి అడుగుపెట్టాక మరో లోకం. 2020 జూన్ నుంచి మధ్య సీటు వీలైనంతవరకూ ఖాళీగా ఉంచాలని, తప్పనిసరై ఇస్తే ఆ సీట్లో కూర్చున్నవాళ్లకు ఒంటికి చుట్టుకునే గౌను ఇవ్వాలని డీజీసీఏ చెప్పింది. మాస్కు, దానిమీద ప్లాస్టిక్ షీల్డు, పైన గౌను... ఆపరేషన్ థియేటర్‌కి రెక్కలొచ్చినట్టుండేది. ఎవరైనా పొలమారి దగ్గితే చుట్టూ పది తలలు తిరిగేవి. పక్కసీటు ఆయనతో కబుర్లాడి దిగేసరికి చుట్టరికం కలుపుకునే మనవాళ్లు, పది పదిహేను గంటలు నోరు మెదపకుండా కూర్చున్నారు. మంచినీళ్లు కూడా తక్కువ తాగారు, బాత్రూమ్‌కి వెళ్లాలంటే భయం మరి.

ఒక దేశానికి వెళ్లడానికి మరో దేశం

అన్నిటికంటే ఎక్కువ నష్టపోయింది ఎవరంటే, తడుముకోకుండా గల్ఫ్ కార్మికులనే చెప్పాలి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల నుంచి దుబాయ్, సౌదీలకు... కడప, రాజంపేట, కోనసీమల నుంచి కువైట్‌కు వెళ్లినవాళ్లు సెలవుమీద వచ్చి ఇక్కడ ఆగిపోయారు. యూఏఈ బయట ఆరునెలలు దాటి ఉంటే నివాస అనుమతి పోతుంది. కరోనా వేళ గడువులు పెంచుతూ వచ్చినా, ఈ పెంపు తనకి వర్తిస్తుందో లేదో తెలుసుకోవడమే ఒక యాతన. యజమాని ఫోనెత్తితే అదృష్టం.

2020 ఆగస్టు 1న కువైట్ మనదేశం సహా 31 దేశాల నుంచి నేరుగా రావడాన్ని ఆపేసింది. కానీ వేరే దేశంలో 14 రోజులు గడిపి వస్తే రానిచ్చేది! దాంతో దుబాయ్ ఓ మజిలీ అయిపోయింది. అక్కడికి విజిట్ వీసా, 14 రోజుల గది అద్దె, తిండి, పరీక్ష, మళ్లీ కువైట్‌కి టికెట్టు. ఏజెంట్లు దాన్నంతా ఓ ప్యాకేజీగా అమ్మారు. అప్పు చేసి వెళ్లినవాళ్లు దుబాయ్‌లో పదమూడో రోజో పన్నెండో రోజో లెక్కపెట్టుకుంటుండగా, 2021 ఫిబ్రవరి 7 నుంచి విదేశీయులెవరూ రావొద్దని కువైట్ తలుపేసింది. ముందుకి వెళ్లలేరు, వెనక్కి రావడానికి డబ్బుల్లేవు. అలా చిక్కుకున్న వారిని తిరిగి స్వదేశానికి వెళ్లిపొమ్మని యూఏఈలోని మన ఎంబసీ సలహా ఇవ్వాల్సొచ్చింది. కువైట్ టీకా వేయించుకున్నవాళ్లను మళ్లీ రానిచ్చింది ఆ ఆగస్టులో, మనదేశం నుంచి నేరుగా విమానాలు మొదలైంది సెప్టెంబరులో.

సౌదీ వెళ్లేవాళ్లది ఇదే కథ. మాల్దీవులు, నేపాల్, బహ్రెయిన్... ఏ దేశం రానిస్తే అక్కడ 14 రోజులు. 2021 ఏప్రిల్ 28 నుంచి మూడో దేశానికి వెళ్లే భారతీయులు తమ దేశం మీదుగా పోవడానికి వీల్లేదని నేపాల్ చెప్పింది. కాఠ్‌మాండూ హోటళ్లలో రోజులు లెక్కపెట్టుకుంటున్నవాళ్లకు పిడుగులాంటి వార్త! సౌదీకి నేరుగా వెళ్లే వీలు 2021 డిసెంబరు 1న గానీ రాలేదు.

కెనడా విద్యార్థులూ ఇదే తిప్పలు పడ్డారు. ఆ దేశం 2021 ఏప్రిల్ 22 నుంచి సెప్టెంబరు చివరిదాకా మనదేశం నుంచి నేరు విమానాలు ఆపేసింది. వేరే దేశంలో పరీక్ష చేయించుకుని వస్తే ఫరవాలేదంది. దాంతో సెర్బియా, అల్బేనియా, మెక్సికోల మీదుగా పిల్లలు టొరంటో చేరారు. ఊరు దాటి ఒంటరిగా ఎరగని పిల్ల బెల్‌గ్రేడ్‌లో ల్యాబ్ ఎక్కడుందో వెతుక్కుంటుంటే, ఇక్కడ తల్లి మ్యాపులో ఆ ఊరు ఎక్కడుందో వెతుక్కుంది. ఒక దేశం నుంచి వచ్చే వైరస్‌ని మరో దేశంలో తీసుకునే స్వాబ్ ఎలా ఆపుతుందని అప్పట్లో చాలామంది అడిగారు. అడగదగ్గ ప్రశ్నే అది. పద్నాలుగు రోజుల క్వారంటైన్‌కి అర్థముంది. మూడు విమానాశ్రయాల గుంపుల్లో తిప్పి, మధ్యలో ఓ పరీక్ష చేయడానికి ఏం అర్థముందో మాత్రం బోధపడదు.

ఆస్ట్రేలియా మరో అడుగు ముందుకేసింది. 2021 మే 3 నుంచి 15 వరకూ, అంతకు 14 రోజుల్లో భారత్‌లో ఉన్నవాళ్లు తమ పౌరులైనా సరే రాకూడదంది. వస్తే అయిదేళ్ల వరకూ జైలు లేదా 66,600 ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా అని హెచ్చరించింది. ఐపీఎల్ మధ్యలో ఆగిపోవడంతో, తెలుగు పాటలకు స్టెప్పులేసి మన పిల్లలకు అభిమాన ఆటగాడైపోయిన డేవిడ్ వార్నర్ కూడా తోటి ఆటగాళ్లతో మాల్దీవుల్లో కాలక్షేపం చేయాల్సొచ్చింది. వాళ్లకు బోర్డులున్నాయి, చార్టర్డ్ విమానాలున్నాయి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయాల్లో ఫీజు కట్టి గుంటూరులో ఉండిపోయిన విద్యార్థికి అవి లేవు. అక్కడ ఉదయం తొమ్మిదింటి క్లాసు అంటే మనకి తెల్లవారుజాము మూడున్నరో నాలుగున్నరో. విద్యార్థి వీసాలవాళ్లకు ఆ దేశం 2021 డిసెంబరు 15న తలుపు తీసింది. చైనాలో ఎంబీబీఎస్ చదువుతూ 2020 మొదట్లో సెలవులకొచ్చినవాళ్లయితే 2022 ఆగస్టు చివరిదాకా ఎదురుచూశారు. శవపరీక్షలూ రోగి నాడీ కూడా కంప్యూటర్ తెరమీదే నేర్చుకున్న చదువు అది!

మన ఊరి టీకా, పరాయి ఊరి అనుమానం

2021 వేసవికి కొత్త ప్రశ్న మొదలైంది... ఏ టీకా వేయించుకున్నావ్? కొవిషీల్డ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలోనే గుర్తించింది. మన హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన కొవాగ్జిన్‌కు మాత్రం ఆ గుర్తింపు రావడానికి నవంబరు 3 దాకా పట్టింది. ఈలోగా దేశీ టీకా అని ఇష్టంగా కొవాగ్జిన్ వేయించుకున్న విద్యార్థులకు, ఇది మా జాబితాలో లేదంటూ విశ్వవిద్యాలయాల నుంచి ఈమెయిళ్లు. అక్కడికొచ్చాక మరో టీకా వేయించుకోవాలన్నాయి కొన్ని. ‘రెండు రకాలు వేయించుకుంటే ఏం కాదా డాక్టర్ గారూ?’ అని అడిగితే ఇక్కడి వైద్యుల దగ్గరా అప్పట్లో సరైన జవాబు లేదు.

కొవిషీల్డ్‌వాళ్లకు వేరే బాధ. రెండు డోసుల మధ్య 84 రోజులు ఆగాలి. ఆగస్టులో క్లాసులు. రోజులు లెక్కేస్తే చాలవు. జూన్ 7న కేంద్రం చదువు, ఉద్యోగం, ఒలింపిక్స్ కోసం వెళ్లేవాళ్లకు 28 రోజుల తర్వాత రెండో డోసు ఇవ్వొచ్చంది. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో విద్యార్థుల కోసం ప్రత్యేకంగా టీకాలు వేశారు. అడ్మిషన్ లెటరు, వీసా కాగితాలు పట్టుకుని పిల్లలు బారులు తీరారు. అమెరికా ఆంక్షల నుంచి విద్యార్థులకు మినహాయింపు ఉండటంతో ఆ ఆగస్టులో శంషాబాద్ మళ్లీ కళకళలాడింది. టికెట్టు ధర లక్ష దాటినా!

బ్రిటన్ వ్యవహారం అన్నిటికంటే తమాషా. ఏప్రిల్ 23న మనల్ని రెడ్ లిస్టులో పెట్టింది. అంటే అక్కడ నివాసమున్నవాళ్లయినా దిగగానే పది రోజులు ప్రభుత్వం చూపించిన హోటల్లో ఉండాలి. బిల్లు మొదట 1,750 పౌండ్లు. ఆగస్టు 8న ఆ జాబితాలోంచి తీసేశారు. తర్వాత, బ్రిటన్‌లో పుట్టిన ఆస్ట్రాజెనెకా టీకానే పుణెలో కొవిషీల్డ్‌గా తయారైతే, ఆ టీకా వేయించుకున్న భారతీయుణ్ని టీకా వేయించుకోనివాడిగానే లెక్కేశారు. టీకా సరే, సర్టిఫికెట్ మీద సందేహం అన్నారు. మనదేశం కూడా బ్రిటన్ నుంచి వచ్చేవాళ్లకు పది రోజుల క్వారంటైన్ పెట్టేసరికి అక్టోబరు 11 నుంచి దిగొచ్చారు. ఈ పంతాలమధ్య నలిగింది లండన్‌లో పెళ్లికి వెళ్లాల్సిన మేనమామలూ ఉద్యోగంలో చేరాల్సిన నర్సులూ.

చివరిచూపు

టికెట్టు పోతే మరోటి కొనుక్కోవచ్చు. సెమిస్టరు పోతే వచ్చే ఏడాది చదవొచ్చు. కొన్నింటికి మాత్రం మరో తేదీ ఉండదు.

2020 నవంబరులో హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్ భారత జట్టుతో ఆస్ట్రేలియా వెళ్లాడు. సిడ్నీలో 14 రోజుల క్వారంటైన్‌లో ఉండగా, నవంబరు 20న తండ్రి మహమ్మద్ గౌస్ కన్నుమూశారు. ఆటో నడిపి కొడుకుని క్రికెటర్‌ని చేసిన తండ్రి. ఇంటికి వెళ్లొచ్చని బోర్డు చెప్పింది. సిరాజ్ ఉండిపోయాడు. డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడాడు. సిడ్నీలో జాతీయగీతం వినబడుతుంటే కన్నీళ్లు పెట్టుకున్నాడు. బ్రిస్బేన్‌లో అయిదు వికెట్లు తీశాడు. 2021 జనవరి 21న శంషాబాద్‌లో దిగి, ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు. ఆ ఫొటో చూసి కంటతడి పెట్టని తెలుగిల్లు లేదేమో.

సిరాజ్‌కి ఎంచుకునే వీలైనా ఉంది. చాలామందికి అదీ లేదు. ఒక్కడే కొడుకు న్యూజెర్సీలో, తండ్రి విజయవాడ ఆసుపత్రిలో. వీసా ముద్ర లేదు, వెళ్తే తిరిగి రాలేడు. అసలు వెళ్లడానికే టికెట్టు, పరీక్ష, రిపోర్టు... మూడు రోజులు. పోయిన మనిషిని మూడు రోజులు ఉంచే పరిస్థితి ఆసుపత్రుల్లో లేదు. తలకొరివి బాబాయి కొడుకు పెట్టాడు. పురోహితుడు మంత్రాలు చదువుతుంటే ఎవరో ఫోన్ పట్టుకుని నిలబడ్డారు. అక్కడ తెల్లవారుజామున చీకట్లో ఆ కొడుకు తెర ముందు కూర్చుని చూశాడు. నెట్‌వర్క్ సరిగా లేక బొమ్మ ఆగిపోతే, ‘కనిపిస్తోందా అన్నయ్యా?’ అని ఇటునుంచి అడగడం. ఇలాంటి ఇల్లు మన బంధువుల్లో ఒక్కటైనా లేని కుటుంబం ఉందా?

సరిహద్దులు మూయడం తప్పా అంటే, కాదు. 2020 మార్చిలో ఎవరికీ ఏమీ తెలియదు. న్యూజిలాండ్‌లాంటి దేశాలు ద్వీపంగా ముడుచుకుని వేలమంది ప్రాణాలు కాపాడుకున్నాయి కూడా. మన దగ్గర రెండో వేవ్ చూసినవాళ్లెవరూ జాగ్రత్త వద్దనరు. తప్పల్లా రాత్రికి రాత్రి నిబంధన మార్చి తెల్లారేసరికి అమలు చేయడంలో ఉంది. గాల్లో ఉన్నవాడికి కూడా కొత్త రూలు వర్తింపజేయడంలో ఉంది. చావూ పురుడూ అనేవి ఉంటాయని, వాటికి ఓ కౌంటరు పెట్టాలని ఏ దేశానికీ మొదట తోచకపోవడంలో ఉంది. వందేభారత్ జాబితాలో ఆ ఆలోచన కాస్త కనిపించింది. మిగతాచోట్ల కుటుంబమంటే భార్య, భర్త, మైనర్ పిల్లలు... అంతే!

2024 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలను సవరించుకున్నాయి. ఇవి 2025 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. ఆరోగ్య పత్రాలు కాగితం మీదైనా ఫోన్‌లోనైనా ఉండొచ్చని అందులో ఉంది. అంటే మళ్లీ అలాంటి రోజులొస్తే కాగితాల బాధ కాస్త తగ్గొచ్చు. ఎన్ని గంటలు, ఏ టీకా, ఎవరు కుటుంబం అనేవి మాత్రం ఇప్పటికీ ఏ దేశానికి ఆ దేశమే తేల్చుకునేవి.

కరోనా ఆంక్షలు ఒక్కొక్కటిగా పోయాయి. అమెరికా 2022 జూన్ 12న పరీక్ష అడగడం మానేసింది, 2023 మేలో టీకా షరతూ తీసేసింది. మనదేశం 2022 నవంబరులో ఎయిర్ సువిధ ఫారం ఎత్తేసి, చైనాలో కేసులు పెరగడంతో కొన్ని దేశాలకు మళ్లీ పెట్టి, 2023 ఫిబ్రవరిలో దానికీ మంగళం పాడింది. మూసిన కాన్సులేట్ల ముందు పేరుకుపోయిన వరస మాత్రం అంత తేలిగ్గా కదల్లేదు. 2022లో అమెరికా విజిటర్ వీసా ఇంటర్వ్యూకి 800 రోజులకు పైగా ఆగాలని వెబ్‌సైట్ చూపించింది. కూతురి తొలి కాన్పుకి వెళ్లలేకపోయిన తల్లులు రెండోదానికైనా అందుకుందామని అప్పుడే స్లాట్ బుక్ చేసుకున్నారు.